ఫ్రిజ్‌లో రెండు డబ్బాలు

డ్యూటీ నుంచి వచ్చి ఫ్రిజ్ తెరిచిన ఉదయశ్రీ, అందులో ఒక డబ్బా లేకపోవడంతో కంగారుగా చుట్టూ వెతికింది. టమాటా కుండీల్లో వేరుకుళ్లు రాకుండా మట్టిలో కలపడానికి, ఆ డబ్బాలో అన్నం మీద ట్రైకోడెర్మా అనే పచ్చబూజు పెంచి దాచింది. ఆ డబ్బా ఇప్పుడు కడిగి, సింకు పక్కన బోర్లించి ఉంది.

"జైనబీ! ఇందులో బూజు పట్టిన అన్నమేదీ?"

కడప నుంచి మస్కట్ వచ్చి, రెండేళ్లు వేరే ఇంట్లో చేసి, ఈ రోజే ఇక్కడ పనికి చేరిన జైనబీ బెదిరిపోయింది. "కడుక్కోని తింటి మేడం. పొద్దున మీరే ఫ్రిజ్‌లో అన్నముంది, తినమంటిరి గదా."

ఉదయశ్రీ కారు తాళాలు అందుకుంది. "పద ఆస్పత్రికి! నేను తినమన్నది పక్క డబ్బాలో పప్పన్నం! నీకోసం పొద్దున్నే వండి పెట్టాను, కనబడలేదా?"

"కనపడింది మేడం." జైనబీ తల దించుకుంది. "అది బాగుండె. నాకు కాదనుకుంటి."