ఆఖరి ఆసనం

నాయన పోయాక ప్రసన్నకుమారి మళ్లీ యోగా నేర్పడానికి తిరుపతిలోని ఆ పార్కుకు వచ్చిన మొదటి ఉదయం అది. ఆసనాలన్నీ చేయించింది. ఇక మిగిలింది శవాసనం. ఆ పేరు పలకబోయి 'శవ' దగ్గరే ఆగిపోయింది.

అందరూ ఆమెనే చూస్తున్నారు. ఇక తన వల్ల కాదని, రేపటి నుంచి ఎవరూ రావద్దని చెప్పేయాలనుకుంది.

ముందు వరుసలో ఉన్న పూలమ్మే గంగులమ్మ, "అందరం పండుకుందాం పాండి" అంటూ చాప మీద వాలింది. మిగతావాళ్లూ వాలారు. కాసేపటికే గంగులమ్మ గురక పార్కంతా వినిపించింది.

ప్రసన్నకుమారి ఆపుకోలేక నవ్వేసింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, "ఇట్లా నిద్రపోతే ఎట్లా గంగులమ్మా?" అని భుజం తట్టింది.

గంగులమ్మ కళ్లు తెరిచింది.

"నిద్ర యాడొచ్చింది పాపా? నువ్వు నవ్వకపోయింటే, గురక పెట్టేదానికి వీళ్లంతా తయారుగా ఉండారు."