కొత్త ఊళ్ళో బోణీ

బస్సు దిగిన పది నిమిషాల్లోనే, కొత్త ఊళ్ళో బోణీ ఎవరి జేబుతో చెయ్యాలో కత్తెర తేల్చేసుకున్నాడు.

బస్టాండు బయట పేపర్ల కొట్టు దగ్గర ఒక పెద్దాయన నిలబడి, కొనకుండానే పేపరంతా చదివేస్తున్నాడు. ప్యాంటు వెనక జేబులోంచి పర్సు సగం బయటికి వచ్చి, రా రమ్మని పిలుస్తున్నట్టుంది.

కత్తెర అమ్మానాన్నలు పెట్టిన పేరేమీ కాదు. పాత ఊళ్ళో జేబులు కొట్టీ కొట్టీ సంపాదించుకున్నది. చివరికి అక్కడ అతను బస్సెక్కితే చాలు, జనమంతా ఒక్కసారిగా జేబులు పట్టుకునేవాళ్ళు. ఇక లాభం లేదని, తనని ఎవరూ ఎరగని చోట మళ్ళీ మొదలుపెడతానని పెళ్ళానికి చెప్పి వచ్చేశాడు.

అయితే తొందరపడటం అతని పద్ధతి కాదు. ముందు ఊరంతా కాలినడకన తిరగాలి. ఏ సందు ఎక్కడ తేలుతుందో తెలియాలి. వెనక ఒకసారి పర్సు కొట్టి, తెలియని సందులోకి పరిగెత్తి, గోడకి గుద్దుకున్నాడు.

“బాబాయ్, ఊరికి కొత్త. బజారుకి ఎటు వెళ్ళాలండీ?” అని వినయంగా అడిగాడు.

పెద్దాయన పేపరు దించి, అతన్ని ఎగాదిగా చూసి, చక్కగా నవ్వాడు.

“నోటితో చెబితే ఏం తెలుస్తుంది నాయనా? పద, నేనే తిప్పి చూపిస్తా. ఇంటికెళ్తే మీ పిన్ని కూరలు తరగమంటుంది.”

కత్తెర నవ్వు ఆపుకోలేకపోయాడు. పర్సు తనంతట తానే దారి చూపిస్తూ ముందు నడుస్తోంది!

పెద్దాయన ఏదీ దాచుకోలేదు. ఈ సందు కూరల మార్కెట్లో తేలుతుంది. ఆ సందుకి అటువైపు దారి లేదు. శనివారమైతే ఇక్కడ కాలు పెట్టే చోటుండదు. కత్తెర అన్నీ మనసులో రాసుకున్నాడు. చిక్కల్లా ఒకటే. పెద్దాయనకి కనిపించిన ప్రతి కొట్టు ముందూ ఆగే జబ్బుంది.

“ఈ అబ్బాయి ఊరికి కొత్త. ఒకసారి బాగా చూసి పెట్టుకోండి,” అనేవాడు.

చెప్పుల కొట్టాయన లేచి నిలబడి మరీ చూశాడు. మందుల షాపావిడ కళ్ళజోడు తుడుచుకుని, పెట్టుకుని, తీరిగ్గా చూసింది. టీకొట్టాయన గ్లాసు అందిస్తూ, “ఎడమచేతి వాటమా బాబూ?” అని ఎంతో ఆప్యాయంగా అడిగాడు.

కత్తెరకి కళ్ళు చెమర్చినంత పనైంది. పాత ఊళ్ళో ఇలా పలకరించినవాడు ఒక్కడు లేడు. ఇంత మంచివాళ్ళ జేబులు కొట్టాలంటే మొదట్లో కాస్త బాధగానే ఉంటుంది, తర్వాత అదే అలవాటవుతుంది అనుకున్నాడు.

తర్వాత ఫోటో స్టూడియో వచ్చింది.

“మొదటిరోజు కదా, గుర్తుగా ఉంటుంది. ఒక ఫోటో దిగు,” అన్నాడు పెద్దాయన.

ఫోటోగ్రాఫరు ఎదురుగా ఒకటి తీసి, పక్కకి తిరగమన్నాడు.

“పక్కనుంచి దేనికి బాబాయ్?”

“నీ ముక్కు అందం పక్కనుంచి చూస్తేనే తెలుస్తుంది నాయనా.”

తన ముక్కుని ఇంతవరకూ కట్టుకున్నది కూడా మెచ్చుకోలేదు. కత్తెర గడ్డం కాస్త పైకెత్తి నిలబడ్డాడు.

మధ్యాహ్నానికి కాళ్ళు పీకుతుండగా ఇద్దరూ మళ్ళీ బస్టాండు చేరారు. లోపల జనం ఒకరినొకరు తోసుకుంటున్నారు. ఇంతకన్నా మంచి సమయం దొరకదు. కత్తెర రెండు వేళ్ళు అలా పర్సుకి తగిలాయో లేదో, పెద్దాయన చెయ్యి వెనక్కి వచ్చి మణికట్టు పట్టుకుంది. ఆయన తల కూడా తిప్పలేదు.

“పొద్దున నువ్వు దిగిన బస్సు అదిగో, తిరిగి వెళ్తోంది. ఎక్కు.”

“అదేంటి బాబాయ్! పొద్దుటినుంచీ ఓపిగ్గా ఊరంతా చూపించి, ఇప్పుడు పొమ్మంటారేంటి?”

“ముప్పయ్యేళ్ళు పోలీసుల్లో జేబుదొంగల్ని పట్టి రిటైరయ్యాను. ఊరికి కొత్తగా వచ్చినవాడు బోర్డులు చూస్తాడు, నువ్వు జేబులు చూశావు.” పెద్దాయన చెయ్యి వదిలి, పొద్దున నవ్విన నవ్వే నవ్వాడు. “నేను నీకు ఊరు చూపించలేదు నాయనా, ఊరికి నిన్ను చూపించాను.”