ఎడ్ల కుండలో ఆలుగడ్డ

“ఇదేం వాసనండీ?” బంగాళాదుంప ముక్కను బుగ్గన పెట్టుకునే అడిగింది కామాక్షి. శంషాబాద్‌లో ఈ ఇంట్లో కిరాయికి దిగి వారమే అయింది.

“ఉలవల వాసన బిడ్డా. ఎడ్లకు ఉలవలుడికే కుండల ఆలుగడ్డలేసి ఉడకబెట్టిన. మా ముసలాయన గట్లయితెనే తింటడు,” అంది ఇంటావిడ ఇందిరమ్మ.

కామాక్షి పెరట్లోకి చూసింది. పొయ్యి మీద మసిబారిన కుండ. అంచున ఎండిన జిగురు, దాని మీద ఈగలు.

“ఛీ! పశువుల కుండలోనా? ఎద్దులు మూతిపెట్టే కుడితీ, ఇదీ ఒకటేనా?”

“ఇప్పుడు ఎడ్లేడున్నయమ్మా? చెల్క భూమి ప్లాట్లకు పోయినంక అమ్మేసినం. అప్పటి సంది మనిషి సరిగ్గ అన్నమే తింటలేడు. ఇగ ఆ కుండనే ఉలవలేసి మల్ల పొయ్యి మీదికెక్కిచ్చిన.”

కామాక్షికి వినే ఓపిక లేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఉమ్మడానికి కొట్టం వైపు పరుగెత్తింది.

కొట్టంలో, ఎద్దులు మేత మేసిన ఖాళీ గాడి ముందు ముసలాయన కూర్చుని ఉన్నాడు. పొగలు కక్కుతున్న గడ్డను రెండుగా విరిచాడు. ఒక సగాన్ని ఊదుతూ, “జర ఆగు, కాలుతది,” అన్నాడు. చల్లారాక దాన్ని గాడిలో పెట్టి, రెండో సగం తను కొరికాడు.

ఉమ్మబోయిన ముద్దను కామాక్షి కళ్లు గట్టిగా మూసుకుని మింగేసింది.