తొంభై గ్రాములు

గురువారం ఉదయం ఏడూ ఇరవైకి జురేమా కూతురు తైనా తూకం మూడు కిలోల తొమ్మిది వందల పది గ్రాములు. వారం క్రితం నాలుగు కిలోల అరవై గ్రాములు. పిల్లకు పది వారాలు. నర్సు మర్లూసియా ముల్లును రెండోసారి చూసి పుస్తకంలో రాసింది.

"పాలు వస్తున్నాయా, జురేమా?"

"వస్తున్నాయి నర్సమ్మా. చూడండి, చొక్కా తడిసింది."

తడిసిన మాట నిజమే. కుళాయి నీళ్లతో. జురేమా రోజూ నర్సు వచ్చే ముందు తనే తడుపుకుంటోంది.

"మధ్యాహ్నం పాలిచ్చే ముందొకసారి, ఇచ్చాక ఒకసారి తూస్తాను. నా ఎదురుగానే ఇవ్వాలి" అని మర్లూసియా పక్క మంచానికి కదిలింది.

ఆ గదిలో తొమ్మిది మంది తల్లులు. తల్లిపాలు తాగినన్నాళ్లే పిల్లలకు అక్కడ చోటు. పాలు ఆగితే బిడ్డను ఇంటికి పంపేస్తారు. తైనాకు ఇల్లంటే పెత్రొలీనా ఊళ్లో అమ్మమ్మ జెనైడి దగ్గరే. ఈ గది ఉన్న రెసిఫి నుంచి అక్కడికి బస్సులో పన్నెండు గంటలు.

"ఏడవకే. ఉన్న రెండు చుక్కలూ కళ్లలోంచి పోతాయి" అంది పక్క మంచం క్లెయిడి.

"నీకేం అక్కా, దగ్గితే చాలు చొక్కా తడుస్తుంది."

"పాలు పడాలంటే మా అమ్మయితే నల్ల బీరు తాగమంటుంది. ఇక్కడెవరు పోస్తారు?"

"మీ అమ్మ ఆదివారం తెచ్చిన ముంగుంజా, ఆ మొక్కజొన్న పాయసం, రెండు గిన్నెలు తిన్నాను. ఏం లాభం? నడుం లావెక్కింది, అంతే."

"పోనీ, పిల్లనిటివ్వు. నా కొడుక్కి పోగా నాకు మిగులుతున్నాయి."

"మొన్న చూసి అరిచారుగా. ఒకరి పాలు ఇంకొకరి బిడ్డకు పడితే రోగాలొస్తాయట. మళ్లీ చూస్తే ఇద్దరి పేర్లూ పైవాళ్లకు రాస్తారు."

క్లెయిడి గొంతు తగ్గించింది.

"అయితే ఇది విను. చేతిగుడ్డ తడిపి, పిండి, దిండు కింద పెట్టుకో. పాలిచ్చాక నర్సమ్మ అటు తిరగ్గానే డైపర్‌లో దోపెయ్. తిప్పడం నా పని."

"పట్టుకుంటే?"

"పట్టుకుంటే పిల్లను పంపుతారు. ఊరుకున్నా పంపుతారు. నువ్వెలాగూ ఇప్పట్లో ఇంటికెళ్లేది లేదు. పిల్లయినా పక్కనుండాలి కదే."

ఒంటిగంటా పదికి మర్లూసియా తూకం యంత్రం తెచ్చింది. మూడు కిలోల తొమ్మిది వందల ఐదు. తైనా ఇరవై రెండు నిమిషాలు రొమ్ము పట్టింది, వదిలింది, ఏడ్చింది, మళ్లీ పట్టింది.

"నర్సమ్మా! వీడి ఒళ్లు కాలిపోతోంది, ఒక్కసారి చూడరూ!" క్లెయిడి కేక వేసింది.

మర్లూసియా వెళ్లింది. పిల్లాడి నుదురు తాకింది. "చల్లగానే ఉన్నాడు కదా. నీకే ఏదో పట్టింది" అని విసుక్కుంటూ వచ్చింది. ఈలోగా గుడ్డ డైపర్‌లో చేరింది.

మూడు కిలోల తొమ్మిది వందల తొంభై ఐదు.

"తొంభై! అనవసరంగా నిన్ను భయపెట్టాను, తల్లీ" అంటూ మర్లూసియా పెన్ను తీసింది.

తూకం మీద తైనా పిడికిలి నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. ఆ చప్పుడు అవతలి మంచం దాకా వినిపిస్తోంది.

జురేమా డైపర్ విప్పింది. గుడ్డ తీసి బల్ల మీద పెట్టింది.

"సున్నా రాయండి."

క్లెయిడి మొహం గోడవైపు తిప్పుకుంది.

"ఎన్నాళ్లుగా?" అని అడిగింది మర్లూసియా.

"పది రోజులుగా తగ్గిపోతూ వచ్చాయి."

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే తీసుకెళ్తారుగా. అవన్నీ తర్వాత. ముందు దానికి సీసాపాలు పట్టండి నర్సమ్మా, ఆకలితో ఉంది."

తైనా నూట ఇరవై మిల్లీలీటర్లు తాగి నిద్రపోయింది.

శనివారం ఉదయం తొమ్మిదిన్నరకు జెనైడి వచ్చింది. జురేమా బట్టల సంచి ఇచ్చింది.

"పిల్ల నీకోసం ఏడిస్తే నేనేం చెయ్యనే?" అంది జెనైడి.

"నా చొక్కా ఒకటి పెట్టాను. పక్కలో వెయ్యి. ఉతకకమ్మా."

జెనైడి రెండు చోట్ల సంతకం పెట్టి, పిల్లను ఎత్తుకుని బస్సు స్టాండుకు వెళ్లింది.

జురేమాకు ఇంకా నాలుగేళ్ల రెండు నెలల జైలు శిక్ష ఉంది.