తెక్కలకోట మీది మబ్బు

విమానం దిగినా శ్రుతిని గేటు దాటనివ్వలేదు. రెక్క కింద గాలిని వడకట్టిన కాగితంలో అణుధూళి దొరికింది. పరీక్షకని ఎక్కడో పేల్చిన అణుబాంబు దుమ్ము ఆమె సొంతూరు తెక్కలకోట మబ్బుల్లో చేరింది. ప్రభుత్వ ప్రకటన వచ్చేదాకా ఎవరూ నోరు విప్పకూడదు.

ఇంటికి ఒక్క ఫోన్ చేసుకోమన్నారు. అధికారి స్పీకర్ నొక్కి పక్కనే కూర్చున్నాడు.

"అమ్మా, ఏం చేస్తాండావు?"

"ఈడ వాన దంచుతాండాది పాపా! మీ ఇమానం నెత్తిమీద తిరిగి పోయె, ఎనకాలే మబ్బు పట్టె. మిరపచేను బతికె. ఊరంతా ఖుషీ."

"ఇంట్లోకి పో అమ్మా. తడవద్దు."

"ఏమైతాది?"

అధికారి వేలు ఎర్ర బటన్ మీదికి జరిగింది.

"జలుబు చేస్తాది," అంది శ్రుతి.

ప్రమీలమ్మ నవ్వింది. "ఇన్నాళ్లకు పడిన వానకు జలుబేంది?"

ఏం ఉద్యోగమని అప్పట్లో అమ్మ అడిగితే, గాలిలో అణుధూళి వెతికే పనని చెప్పకూడదు గనుక, మబ్బుల్లో మందు చల్లి వాన కురిపిస్తామని చెప్పింది శ్రుతి.

"నా బిడ్డ తెప్పించిన వాన, రాండి తడవండని ఇంటింటికీ పోయి నేనే పిలిస్తి," అంటోంది తల్లి. "పిల్లోల్లంతా బయటే ఉండారు. నేను దోసిట్లో పట్టుకోని తాగితి పాపా. ఎంత తియ్యగుండాదో!"