రాజ్‌కుమార్ బదులు ఎవరు?

“జైపాల్ తమ్మీ, జట్టులకెల్లి నా కొడుకు పేరు తీసెయ్యి.”

సుగుణమణి చెప్పులు బయటే విడిచి కబడ్డీ కోర్టు అంచుదాకా వచ్చి అడిగింది. జట్టుకు కోచ్ అయిన జైపాల్ వంగి సున్నంతో గీత పోస్తున్నాడు. తెల్లారితే గనుల మధ్య పోటీలు మొదలు. మొదటి ఆటే వీళ్ల గనిది. ఆమె మాటకు అతని చెయ్యి ఆగింది గాని తల పైకి లేవలేదు.

జవాబు సిమెంటు మెట్ల మీది నుంచి వచ్చింది. సదయ్య, రాజం ఇద్దరూ గని నుంచి ఎప్పుడో రిటైరైనవాళ్లు. పోటీలు వస్తున్నాయంటే చాలు, అక్కడ చేరి జట్టును తామే ఎంపిక చేస్తున్నట్టు మాట్లాడుకుంటారు.

“ఏంది బిడ్డా గట్లంటవు,” అన్నాడు సదయ్య. “మొదటి కూతకు పోయేదే నీ కొడుకు. వాడు లేకుంటే బెల్లంపల్లోల్లు మనలను నంజుకోని తింటరు.”

“నాకు గవన్ని ఎందుకు కాకా. నాకు ఉన్నది ఒక్కడే కొడుకు.”

“జట్టుకు గూడ వాడొక్కడే,” అన్నాడు రాజం. “మిగిలినోల్లు లెక్క నింపెటందుకు.”

“ఒక్కడే అనకు. మంచోడే గని, అప్పట్ల ఆడిన కొమురెల్లి కాలిగోటికి రాడు,” అన్నాడు సదయ్య.

“కొమురెల్లి పేరు తియ్యకు నా ముందట. ఏం లాభమైంది? మోకాలు పాయె. ఇప్పుడు దవాఖాన మెట్లు ఎక్కాలంటే ఇద్దరు పట్టాలె.”

“మోకాలే గదనె పోయింది. ఆగయ్యను సూడు. నలుగురు మీద వడితె మెడ కిందికి పాణం లేకుంట పాయె. అయినా ఏం ఆటగాడు. వాల్లు మీద వడుతుంటెనే చెయ్యి సాపి గీత ముట్టిండు. ఆ కప్పు మనకే వచ్చింది.”

ఆ కప్పు ఇప్పుడు ఎక్కడుందో ఇద్దరికీ గుర్తు రాలేదు. ఆఫీసులో ఉందని ఒకరు, ఎవరో ఎత్తుకుపోయారని ఒకరు వాదించుకున్నారు.

ఆగయ్య సుగుణమణి వాళ్ల వీధిలోనే ఉంటాడు. అతని భార్య అతనికి ముద్దలు కలిపి నోట్లో పెట్టడం ఆమె చాలాసార్లు చూసింది. పెట్టిన ప్రతి ముద్దకూ తన కొడుకు నోరే కనబడేది.

“ఇన్నవా తమ్మీ,” అంది జైపాల్‌తో. “వీల్లు గొప్పగ చెప్పుకునేటియన్ని గివే. కాల్లు పోయినోల్లు, మెడలు పోయినోల్లు.”

“అందరికి గట్ల కాదక్కా.”

“నాకైతది. నా నసీబు నాకెర్క. వాని నాయిన పొద్దుగాల గనిల దిగిండు, మల్ల ఎక్కి రాలే. ఆ నౌకరే కొడుక్కిచ్చిండ్రు. వాడు దిగినన్ని దినాలు నేను పొయ్యి మీద అన్నం మాడవెట్టుకుంట తలుపుకాన్నే కూసున్న. ప్రభువు దయదల్చి మొన్న మొన్ననే వాన్ని పైన, గనిల దిగెటోల్లకు లాంపులిచ్చేకాడ కూసోవెట్టిండు. ఇగ నిద్రవోత అనుకున్న. గింతల్నే మీరు వాన్ని గీ మట్టిలకు గుంజిండ్రు.”

సదయ్య తల దించుకున్నాడు. రాజం దగ్గాడు. దగ్గు మొదలైతే అతనికి తొందరగా ఆగదు.

జైపాల్ సున్నం గిన్నె కింద పెట్టి ఆమె ముఖంలోకి చూశాడు. “రాజ్‌కుమార్‌ను అడిగినవా అక్కా?”

“వాన్ని అడిగితే ఆడుతనే అంటడు. అందుకే నీ దగ్గరికి వచ్చిన.”

“వాడు నీకు అన్ని చెప్పిండు గద?”

“వాడు నాకు చెప్పంది ఏముంటది?”

“మల్లొకసారి ఆలోచించుకో. పేరు తీసినంక రేపు నన్ను అనద్దు.”

“అన. మెడ ఇరిగితె అంట గని, ఇంట్ల ఉంటె ఎందుకంట?” అంటూనే ఆమె అతని కాళ్ల మీదికి వంగింది. జైపాల్ గబుక్కున వెనక్కి జరిగాడు. అప్పుడే పోసిన గీత మీద అతని అడుగు పడి సున్నం చెదిరింది.

“వద్దక్కా, గంత పని చెయ్యకు. కన్నతల్లివి. నువ్వు వద్దన్నంక నేనెట్ల ఆడిస్త?”

“మరి వాని బదులు ఎవడు?” అని మెట్ల మీది నుంచి సదయ్య అడిగాడు.

“సంపత్.”

“సంపతా,” అంటూ రాజం తంబాకు ఉమ్మేశాడు. “కూతకు పోతే నడుమ గీత దాటకముందే దమ్ము అయిపోతది వానికి. ఓడుడే ఇగ. రేపు నేను రాను.”

“నువ్వు రాకుంటే నాకు జాగ ఎక్కువైతది,” అన్నాడు సదయ్య.

సుగుణమణి అవేవీ పట్టించుకోలేదు. చాలా రోజుల తర్వాత ఊపిరి నిండుగా తీసుకుంది. “నీ పిల్లలు సల్లగుండాలె తమ్మీ,” అని కొంగుతో ముఖం తుడుచుకుంది. రాత్రికి రాజ్‌కుమార్ అలుగుతాడు, అన్నం తిననంటాడు. అలగనీ. అలిగిన కొడుకును బతిమాలుకోవచ్చు.

చెప్పులు వేసుకుంది గాని కదలలేదు. కొడుకు పేరు తీసేసిన మాట తన చెవులతో వింటేగాని ఆమెకు నమ్మకం కుదరదు. జైపాల్ ఫోన్ తీసి గని ఆఫీసుకు కలిపాడు.

“సార్, నేను జైపాల్‌ను. రాజ్‌కుమార్ ఆడుతలేడు సార్, వాని బదులు సంపత్... అవును సార్, ఎప్పటి లెక్కనే, పైన డ్యూటీ ఆటగాల్లకే. సంపత్‌ను మీదికి తీసుకోండ్రి, వాని జాగల రాజ్‌కుమార్‌ను రేపు పొద్దటి షిఫ్టుకు గనిలకు పంపుండ్రి.”