గోట్ అంటే ఎలుక

తలుపు పిడి ఊడి టీచర్ చేతిలోకి వచ్చేసింది. తలుపు మాత్రం ఇసుమంతైనా కదల్లేదు.

లోపల ఒకటో తరగతి పిల్ల ఉంది. నోరు మూతపడదని బడిలో అందరూ వసపిట్ట అని పిలిచే పిల్ల. వాళ్ళమ్మ పని ముగించుకుని వచ్చేదాకా బడి వదిలాక రోజూ టీచర్ దగ్గరే ఉంటుంది. మెట్ల కింది గదిలోంచి బొమ్మల అట్టలు తెమ్మని పంపింది టీచరే. మర్నాటి పాఠం ఇంగ్లీషులో రైమింగ్ పదాలు, వాటి అర్థాలు. పిల్ల లోపలికి వెళ్ళడం, గాలికి తలుపు దభీమని పడడం, తాళం లోపల్లోపలే బిగుసుకుపోవడం అన్నీ రెప్పపాటులో జరిగిపోయాయి.

ఆ గదికి కిటికీ లేదు. అదొక్కటే అయితే టీచర్ అంత బెదిరేది కాదు. బడికి సున్నాలూ రంగులూ వేస్తున్నవాళ్ళు తమ డబ్బాలన్నీ తెచ్చి అందులోనే పడేసి పోయారు. చీకట్లో పిల్ల కాలు ఏ డబ్బాకో తగిలినట్టుంది. “ఏదో ఒలికింది టీచర్” అంది పిల్ల. వెంటనే తలుపు కింది సందులోంచి టర్పెంటైన్ ఘాటు గుప్పుమంది. బయటున్న తనకే తల తిరుగుతోంది. లోపలున్న పసిదాని గతేమిటి?

బడి ఆయా వడ్రంగి కోసం పరుగెత్తింది. బడిలో ఇంకెవరూ లేరు. సందు దగ్గర ముక్కు పెట్టి కూర్చోమని పిల్లకు చెప్పింది టీచర్. ఇలాంటప్పుడు మనిషిని మాట్లాడిస్తూ ఉండాలని ఎక్కడో విన్న గుర్తు. ఏం మాట్లాడాలో తోచక, నోటికి అలవాటైన పాఠమే అందుకుంది.

“వసపిట్టా, రెయిన్‌కి రైమింగ్ పదం చెప్పమ్మా.”

“ట్రెయిన్. రైలు.”

“కేక్‌కి?”

“లేక్. చెరువు.”

తడుముకోకుండా చెబుతోంది. హమ్మయ్య, తెలివి బాగానే ఉందనుకుంది టీచర్. ఇప్పుడే వస్తానని చెప్పి గేటు దాకా పరుగెత్తింది. వీధి ఖాళీగా ఉంది. ఆయా ఎటు పోయిందో ఏమో.

తిరిగొచ్చి మళ్ళీ అడిగింది. రింగ్‌కి కింగ్ అంది పిల్ల, కింగ్ అంటే రాజంది. బెల్‌కి వెల్ అంది, వెల్ అంటే నుయ్యంది. అన్నీ సరే. ఆ ధైర్యంతో టీచర్ ఆఫీసు గదిలోకి వెళ్ళి ఫైరింజన్ వాళ్ళకు ఫోన్ చేసింది. బయల్దేరుతున్నాం అన్నారు.

ఆమె వచ్చేసరికి లోపల చప్పుడు లేదు. రెండు మూడు సార్లు పిలిచాక సన్నగా ఊఁ అని వినిపించింది.

“బోట్‌కి చెప్పు తల్లీ.”

“గోట్.”

“గోట్ అంటే?”



“ఎలుక.”

టీచర్ సందుకు ఇంకా దగ్గరగా వంగింది. గోట్ అంటే తెలియని పిల్ల కాదు. మొన్ననే తరగతిలో నాలుగు కాళ్ళమీద నడిచి, మేకలా అరిచి, అందరినీ నవ్వించింది. ఆలోచించి చెప్పమంటే, ఆలోచించే ఎలుక అని చెప్పింది. రోజ్ అంటే ముక్కు అంది. పెన్ అంటే కోడి అంది. నిన్నటిదాకా నిద్రలో లేపి అడిగినా చెప్పే మాటలు ఇవి. ఇక అనుమానం లేదు, ఆ ఘాటు తలకెక్కింది. మతి తప్పుతోంది.

గేటు దగ్గరికి వెళ్ళి ఫైరింజన్‌కి దారి చూపించాలని తెలుసు. కాళ్ళు రాలేదు. తను ఇటు తిరిగేలోపు పిల్ల సొమ్మసిల్లితే? నేలమీద బోర్లా పడుకుని, సందుకు నోరు ఆనించి, ఒకదాని వెంట ఒకటి అడుగుతూనే ఉంది. పిల్ల చెప్పిన ప్రతి తప్పూ దిద్దుతూ, నేను ఇక్కడే ఉన్నాను, నిద్రపోకు నాన్నా అంటోంది. మధ్యలో ఓసారి బ్రెత్ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దానికి ప్రాస కుదిరేది డెత్ ఒక్కటే. పెదవి కొరుక్కుని ఆ మాట మింగేసింది. వాళ్ళమ్మ వస్తే ఏ మొహం పెట్టుకుని ఎదురుపడాలి? రెండు అట్టముక్కల కోసం చేజేతులా పిల్లను చీకట్లోకి పంపానని చెప్పాలా?

చివరికి వడ్రంగే ముందు వచ్చాడు. పిల్లను వెనక్కి జరగమని, ఉలితో తాళం చుట్టూ చెక్కంతా చీల్చి, భుజంతో ఒక్క తోపు తోశాడు.

పిల్ల దగ్గుకుంటూ బయటికొచ్చింది. కళ్ళు ఎర్రబడ్డాయి, గౌను నిండా నీలం రంగు. అయినా తన కాళ్ళమీద తను నిలబడింది. టీచర్ పిల్లను హత్తుకుని, ఆయా ముందూ వడ్రంగి ముందూ సిగ్గుపడకుండా భోరుమని ఏడ్చింది. నీళ్ళు తాగించారు, ఆరుబయట కూర్చోబెట్టారు. టీచర్‌కు బెంగ తీరలేదు. ప్రాణం దక్కింది సరే, బుర్ర సంగతి?

“గోట్ అంటే ఏంటి తల్లీ?” భయపడుతూనే అడిగింది.

“మేక.”

“రోజ్ అంటే?”

“గులాబీ. పెన్ అంటే కలం. హెన్ అంటే కోడి.”

టీచర్‌కు పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది. ప్రాణం వెంబడే కోపమూ వచ్చింది. అన్నీ తెలిసి, తనకు పైప్రాణాలు పైనే పోతుంటే, లోపల కూర్చుని అన్ని తప్పులు ఎందుకు చెప్పావని నిలదీసింది.

పిల్ల టీచర్ చెయ్యి గట్టిగా పట్టుకుని తల దించుకుంది.

“సరిగ్గా చెబితే మీరు వెళ్ళిపోతున్నారు.”